విసురువల

మహాసభ సంచికకు మన వృత్తిని గూర్చి యొక చరిత్రవ్యాసము వ్రాయుమని కార్యకర్తలు నన్ను కోరిరి. ఓడలను గూర్చియో, పూర్వపు రేవులను గూర్చియో, నడిసంద్రపు వేటను గూర్చియో నేను వ్రాయుదునని వారు తలచియుందురు. నేను ఒక్క మనిషి ఒడ్డున నిలిచి విసరు చిన్నవలను గూర్చి, అందును గాలపు ఎరకు చిన్నచేపలను పట్టు వలను గూర్చి వ్రాయబూనితిని. ఇది అల్పవిషయమని కొందరికి తోచవచ్చును. కాని పండుగొప్పకు గాలము వేయువాడైనను, కోనాము వేటకు పోవువాడైనను ముందుగా ఎర సంపాదింపక కదలజాలడు. మన యిండ్లలో పిల్లవాని చేతికి మొదట వచ్చు పనిముట్టును ఇదియే. నేను చూచినంతవరకు గ్రంథములలో వలకు చోటు దొరకినది గాని, దానిని విసర నేర్చుకొనుటకు చోటు దొరకలేదు.

చదువులకును ఉద్యోగములకును పట్టణములు చేరిన కుటుంబములు నేడు మనలో పెక్కులు గలవు. వారి పిల్లలలో వలను చేతబట్టనివారే యెక్కువ. వారికొరకు విసురువల యనగా నేమో ముందు చెప్పవలసియున్నది. ఇది గొడుగువలె గుండ్రముగా విచ్చుకొను వల. నడినెత్తిన పొడుగైన త్రాడు, అంచు చుట్టును సీసపు గుండ్లు. అంచును లోపలికి మడచి అక్కడక్కడ కట్టుటచే చుట్టును సంచు లేర్పడును. విసరినప్పుడు వల నీటిపై చక్రమువలె పడి, గుండ్ల బరువుచే అంచు ముందుగా మునిగి, క్రిందనున్న చేపలను కప్పును. త్రాటిని మెల్లగా లాగినచో గుండ్లు నేలను రాచుకొనుచు ఒకచోటికి చేరును. బెదరిన చేపలు పైకి పోలేక సంచులలో దూరును. లాగుడువలకు పలువురు కావలెను. దీనికి ఒక్కడు చాలును. నావ లేకున్నను సాగును. అందుచేతనే ఇది బీదవాని వల యైనది.

మనవారి ప్రస్తావన గల ప్రాచీన లిఖితాధారములలో అశోకుని ఐదవ స్తంభశాసనము ముఖ్యమైనది. పట్టాభిషేకమైన ఇరువదియాఱేండ్లకు, అనగా క్రీ.పూ. 243 ప్రాంతమున, ఆ చక్రవర్తి దీనిని చెక్కించెను. చాతుర్మాస్యపు పున్నములయందును, తిష్యపు పున్నమయందును, ఉపవాసదినములయందును చేపలను చంపరాదనియు అమ్మరాదనియు అందు శాసించెను. ఆ దినములయందే నాగవనములలోను "కేవటభోగము"లలోను తక్కిన జీవులను సైతము చంపరాదనెను. కేవటుడనగా సంస్కృతమున కైవర్తుడు, మన జాలరియే. భోగమనగా అనుభవించు చోటు. చరిత్రలో మన పేరు ఇట్లు నిషేధముతోనే కనబడుచున్నదని నాకు మొదట చదివినప్పుడు కొంత కష్టము తోచినది. కాని మరల ఆలోచింపగా, ఆ నిషేధములోనే యొక ఒప్పుదల యున్నదని తెలిసినది. కైవర్తుల అనుభవములో నీటిపట్టులు ఉండెననియు, రాజునకు ఆ సంగతి తెలియుననియు ఆ యొక్క మాటవలన విశదమగుచున్నది.

భారతమున ఆనుశాసనిక పర్వములో చ్యవనుని కథ మనవారందఱు వినదగినది. గంగాయమునల సంగమమున నీటిలో పండ్రెండేండ్లు తపముండిన ఆ మహర్షి చేపలతోపాటు నిషాదుల వలలో చిక్కి గట్టునకు వచ్చెను. తనతోకూడ వసించిన చేపలను విడిచి తాను పోనని పలికెను. నహుషుడు ధనమును, రాజ్యమును సైతము వెలగా నీయబోయినను ఋషి సమ్మతింపక, తుదకొక గోవును తనకు తగిన వెలగా అంగీకరించెను. కథ గొప్పది, కాని అందలి వల పలువురు కూడి లాగిన పెద్దవల. కాళిదాసుని శాకుంతలమున ఆఱవ అంకములో కనబడు శక్రావతారపు జాలరి మనకు మరింత దగ్గరివాడు. వలతోను గాలముతోను కుటుంబమును పోషించువాడనని అతడే చెప్పుకొనును. పవిత్రమైన వృత్తియే యని భటుడు పరిహసింపగా, పుట్టుకతో వచ్చిన పని లోకము నిందించినదైనను విడువరాదని బదులు చెప్పును. రోహితమత్స్యము కడుపులో ఉంగరము దొరకినందులకు రాజిచ్చిన బహుమానములో సగము ఆ భటులకే పోవుట చదివినప్పుడు, మన పెద్దలు అనుభవించిన సంగతులు జ్ఞప్తికి రాకపోవు.

పండ్రెండవ శతాబ్దిలో కల్యాణి చాళుక్యరాజగు సోమేశ్వరుడు రచించిన మానసోల్లాసమునందు మత్స్యవినోదమను ప్రకరణము కలదు. చేపల జాతులు, వానికి పెట్టు మేత, గాలము, త్రాడు మొదలగునవి యన్నియు అందు వివరింపబడినవి. అది రాజు గాలము పట్టిన ముచ్చట. వేటను వేడుకగా చేసినవానికి గ్రంథము దక్కెను. కూటికై చేసినవానికి దక్కలేదు.

ఇతర దేశములలోను ఈ వల కలదు. గలిలయ సముద్రతీరమున సీమోను, అంద్రెయ అను అన్నదమ్ములు వేయుచుండిన వలకు గ్రీకు సువార్తలోని మాట విసురువలకే చెల్లునది. పసిఫిక్ మహాసముద్రములోని హవాయి ద్వీపవాసులు వేటలో ఆరితేరినవారైనను ఈ వల వారికి మొదట లేదందురు. పందొమ్మిదవ శతాబ్దము చివర చెరకుతోటలలో పనికి వచ్చిన జపానువారివలన వారికి అబ్బినదట. కూలికి వచ్చినవాని మూటలో ఏ పుస్తకమును లేకపోయినను, భుజములలో ఈ విద్య యుండెను. ఇక బర్మాలో, మన కోరంగి రేవు పేరుమీదనే మనవారిని కోరంగీలని పిలిచిన ఆ దేశములో, మాండలే నగరమునకు ఎగువను ఐరావతీనదిమీద విసురువలవారు నావ అంచును కొయ్యపుల్లతో తట్టి నదీ డాల్ఫినులను పిలుతురు. అవి చేపలగుంపును నావవైపునకు తరుముకొని వచ్చి తోకతో సైగచేయగా వల విసరుదురు. ఆ తట్టుట, ఆ సైగ కనిపెట్టుట తండ్రినుండి కొడుకు నేర్చుచుండును. ఆ నదీభాగమును 2005లో రక్షితప్రాంతముగా ప్రకటించిరి.

కుంఫిణీవారి కాలమునకు వచ్చినచో, విశాఖపట్టణమున నుండిన పాట్రిక్ రస్సెల్ అను వైద్యుని ముందుగా తలపవలెను. ఆయన అచ్చట సేకరించిన రెండువందల చేపల వర్ణనలును చిత్రములును 1803లో రెండు సంపుటములుగా వెలువడినవి. ఆ చేపలకు ఆయన వ్రాసికొన్నవి మన తెలుగు జాలరుల నోటిపేర్లు. ఇంగ్లీషు అక్షరములలో చెడి వంకరలు పోయినను, ఓపికగా చదివినచో మన రేవులో వినబడు పేర్లే పలుకును. పిమ్మట 1873లో ఫ్రాన్సిస్ డే హిందూదేశపు చేపల పరిశ్రమపై నివేదికలు ప్రకటించెను. నదులలో చేపపిల్లలు విపరీతముగా నశించుచున్నవనియు, సన్నకన్నుల వలలును, కాలువల కడ్డముగా పెట్టు మావులును ఇందుకు కారణములనియు ఆయన అభిప్రాయము. ఈ విచారణలన్నిటి పిమ్మట 1897లో హిందూదేశ మత్స్యచట్టము వచ్చినది. ప్రేలుడుమందుతోను విషముతోను చేపలు చంపుట నేరమయ్యెను; స్థిరముగా పాతు పన్నుగడలనుగూర్చియు, వలకన్నుల కొలతనుగూర్చియు నిబంధనలు చేయు అధికారము రాష్ట్రప్రభుత్వములకు కలిగెను. 1907లో సర్ ఫ్రెడరిక్ నికల్సన్ ఆధ్వర్యవమున మద్రాసు మత్స్యశాఖ ఏర్పడినది. 1909లో థర్స్టను తన ఏడు సంపుటములలో జాలరులు, మీలలు, బెస్తలు, పల్లెవారు మొదలగు కులములను వర్ణించెను. మత్స్యశాఖలో పనిచేసిన జేమ్సు హార్నెలు కోరమాండలు తీరపు వేటపద్ధతులను పరిశీలించి 1925లో ప్రకటించెను. ఈయనయే తక్కినవారికంటె ఎక్కువగా ఒడ్డున నిలిచి చూచినవాడు.

డే దొరగారి మాటను మనవారు కొందఱు పూర్తిగా తోసివేయుదురు. నేనట్లు చేయజాలను. ఎరవల కన్ను సన్నముగా నుండక తప్పదు. చిటికెనవ్రేలంత చేప పెద్దకన్నులో నిలువదు. ఆ సన్నకన్నులో కొయ్యింగ పిల్లలతోపాటు పండుగొప్ప పిల్లలును, రొయ్యపిల్లలును పడును. పడినవానిలో ఎరకు కావలసినవి తీసికొని తక్కినవానిని బ్రతికియుండగనే నీటిలో విడుచుట మా యింట ఆచారము. ఒకే మడుగులో ఒకనాడు మూడుమార్లు మించి విసరనిచ్చెడివారు కారు. అందఱును ఇట్లు చేసిరా యనిన, చేయలేదు. కాని ఒక్కచేతి వలకు తనంత తానే యొక హద్దు కలదు. చేయి నొచ్చినప్పుడు వేట ఆగిపోవును. నేడు ప్రతి యేడు ఏప్రిల్ 15 మొదలు జూన్ 14 వరకు అఱువదియొక్క దినములు మన తీరమున యంత్రపు పడవల వేట నిషేధము. ఆ దినములలో పెక్కు యిండ్లకు కూర తెచ్చునది ఈ విసురువలయే.

ఇక నేర్చుకొనుట. మాది గౌతమి పాయలు సముద్రములో కలియు ప్రాంతము. 1839 నాటి గాలివానలో ఉప్పెన ముంచిన కోరంగి రేవునకు ఎంతో దూరము లేదు. ఆ మడ అడవిలో చాల భాగమును 1978లో వన్యప్రాణుల అభయారణ్యము చేసిరి. నాకు పదియేండ్లు నిండకముందే మా తాతగారు నన్ను పెరటిలో నిలిపి, చేతికి వలనీయక తడిపంచె నిచ్చిరి. దానిని తలమీదుగా త్రిప్పక, నడుమును త్రిప్పి, ముందటికి పఱచి విసరవలెను. పంచె మడతపడక నేలమీద చాపవలె పడువరకు పది దినములు పట్టినది. "ఒరే, బరువు చేతి మీద వెయ్యకురా, నడుం మీద వెయ్యి" అని ఆయన అరచెడివారు. "నడుం ఎలా విసురుతుంది తాతా?" అని నేను నవ్వితిని. ఆ నవ్వునకు వీపుమీద ఒకటి తగిలినది.

పిదప పాతవల నిచ్చిరి. పెరటిలో ఒక చాటను దూరముగా పెట్టి, దానిమీద వల నిండుగా పడవలెననిరి. వల పట్టు విధము వ్రాయుటకు చిక్కైనదైనను వ్రాసెదను. త్రాటికొనను ఎడమచేత నుంచుకొని, త్రాటిని చుట్టలుగా ఆ చేతిలోనే పట్టవలెను. వలను నడినెత్తినుండి సగము పొడవువరకు అదే చేతిలోనికి తీసికొనవలెను. అంచులో కొంతభాగమును ఎడమ మోచేతిమీద వేసి, తక్కినదానిలో సగమును కుడిచేత పట్టవలెను. కొందఱు ఒక గుండును పంటితో పట్టుదురు. మా తాతగారికది గిట్టదు, పండ్లూడినపుడు వేట మానుదువా యనెడివారు. ఎడమకు తిరిగి, ఒక్కసారిగా కుడికి తిరుగుచు కుడిచేతిని విడువవలెను. మోచేతిమీదిది దానంతట జారిపోవును. ఎడమచేయి కడపట విడువవలెను. ఈ మూడును వరుస తప్పినచో వల అరటికాయవలె పొడుగుగా పడును. నెలదినములు నావల్ల పడినవన్నియు అరటికాయలే.

వల సగము వెడల్పున విచ్చుకొన్నచో సగము ఫలమైనను దక్కునని నేను తలచితిని. అది తప్పు. మా యెరవల నడినెత్తినుండి అంచువరకు నాలుగు మూరలు, అనగా ఆఱడుగులు. నిండుగా విచ్చినచో నూటపదమూడు చదరపు అడుగుల నీటిని కప్పును. విచ్చుట మూడడుగులకే ఆగినచో కప్పునది ఇరువదియెనిమిది అడుగులే, అనగా నాలుగవ వంతు. ఈ లెక్క నాకు బడిలో వృత్తవైశాల్యము చెప్పినప్పుడు తెలిసినది. తాతగారికి లెక్క రాదు. "సగం విచ్చితే సున్నా" అని మాత్రము అనెడివారు. అదియే సత్యమునకు మరింత దగ్గర, ఏలయన సగము విచ్చిన వలక్రింద మిగిలిన చేపలును అంచు మునుగకముందే తప్పించుకొనును.

పెరటిలో వచ్చిన విద్య నీటిగట్టున మరల మొదటికి వచ్చినది. బురదలో కాలు నిలువదు. గాలి వీపువైపు ఉండవలెను, సూర్యుడు ఎదుటనుండవలెను. మన నీడ నీటిమీద పడినచో గుంపు చెదరును. ఆటు తీయునపుడు కొయ్యింగ పిల్లలు పాయల అంచున మోకాలిలోతు నీటిలో మేయును. గాలిలేని చోట నీటిపై సన్నని ముడుతలు కదలినచో క్రింద గుంపున్నదని గుర్తు. కొంగ కదలక నిలిచియున్నచో చేప యున్నదని, అడుగు మార్చుచున్నచో పోయినదని తాతగారి మాట. గుంపున్న చోటికి గాక, అది పోవు దిక్కున రెండడుగులు ముందునకు విసరవలెను. పట్టిన చేపను ఎండిన చేతితో ముట్టరాదు. పొలుసు రాలిన చేప గడియలో చచ్చును. నీటిలో ముంచిన బుట్టలో వానిని బ్రతికించి, గాలమునకు గ్రుచ్చునపుడు వీపురెక్క క్రింద వెన్నెముకకు తగులకుండ గ్రుచ్చవలెను. చచ్చిన యెరను పండుగొప్ప చూచియు చూడనట్లు పోవును.

వీనియన్నిటికంటె ముందు, వలను తాకనిచ్చిన మొదటి దినముననే ఆయన నేర్పినది మరియొకటి కలదు: త్రాటికొనను చేతికి తగిలించుకొను విధము. త్రాటికి ఉచ్చు వేసి మణికట్టునకు బిగించుట పలువురి వాడుక. వల చేజారి పోదను ధైర్యము దానివలన కలుగును. మా తాతగారి అన్నగారు అట్లే కట్టుకొని, గోదావరి పొంగిన దినములలో ఎరకై విసరిరట. కొట్టుకొని వచ్చిన చెట్టు వేళ్ళకు వల తగులుకొన్నది. చెట్టు సాగిన కొలదియు ఉచ్చు బిగిసినది. రెండవ చేత కత్తి లేదు. రెండు దినములకు దిగువలంకలో దొరికిరి. మణికట్టున ఉచ్చు అట్లే యున్నదట. నాటినుండి మా యింట ఉచ్చు లేదు. ఈ సంగతి తాతగారు నాకు ఒక్కసారియే చెప్పిరి. చెప్పునపుడు వల అల్లుట ఆపలేదు.

అల్లికనుగూర్చి కొంచెము చెప్పవలెను. వలను నడినెత్తిన కొలది కన్నులతో ఆరంభించి, వెదురుసూదితో గుండ్రముగా అల్లుచు, వరుసల మధ్య కన్నులను పెంచుచు పోదురు. ఆ పెంపు సరిగా లేనిచో ఎంత నేర్పరి విసరినను వల గుండ్రముగా పడదు. పూర్వము నూలును, జనుమునారయు వాడిరి. అవి నీటిలో కుళ్ళకుండ తుమ్మచెక్క కషాయములో ఉడుకవేసి ఎండబెట్టెడివారు. వంగదేశమున ఇందులకు తుమికి జాతిదగు గాబుకాయ రసమును వాడిరి. 1952 నాటి ఒప్పందముపై నార్వేవారి సహాయముతో కేరళతీరమున పథకము ఆరంభమగుటయు, 1957లో కొచ్చిలో మత్స్యసాంకేతిక సంస్థ వెలయుటయు, ఆ కాలముననే నైలాను నూలు దేశములోనికి వ్యాపించుటయు జరిగినవి. నైలాను కుళ్ళదు, కషాయమక్కరలేదు, తడిసి బరువెక్కదు. ఈ మేలును కాదనువాడు ఉడుకు బానల ప్రక్క కూర్చుండి యెఱుగనివాడు. కషాయపు మరకలు మా నాయనమ్మ చేతులనుండి జన్మమంతయు పోలేదు. అయినను నూలువల తడిసి బరువెక్కుటచే తానే విచ్చుకొనెడిది; నైలానువలకు ఆ సాయమును నడుమే యీయవలెను. అల్లువాడును విసరువాడును ఒక్కడే యైనపుడు వలలోని తప్పు వానికే తెలిసెడిది. నేడు సంతలో కొన్నవలకు అల్లినవాడెవడో తెలియదు.

మొన్నటి శీతకాలమున మా ఊరి పిల్లలు నలుగురు సంతలో కొన్న సన్నకన్నుల వలతో పాయలో విసరుచుండగా చూచితిని. ఫోనులోని చిత్రములు చూచి నేర్చుకొనిరట. వారిలో ఒకడు నేను నెల పట్టి నేర్చినదానిని వారములో నేర్చెను. వల నిండుచంద్రునివలె పడుచున్నది. నేను సంతోషించి దగ్గరకు పోయి వాని చేయి చూచితిని. త్రాడు అమ్మినవారే కొనను ఉచ్చు వేసి యిచ్చిరి. అది వాని మణికట్టున బిగిసియున్నది.

ఆ ఉచ్చును అచ్చటనే కోసివేసితిని. దాని స్థానమున నేను వేసినది మా యింటి కన్ను. త్రాటికొనను జానెడు వెనుకకు మడచి, రెండు పొరలను కలిపి జారని ముడి వేయవలెను; లాగినను ఆ కన్ను చిన్నది కారాదు. నాలుగు వ్రేళ్ళును దూరి, పిడికిలి బిగించినపుడు మాత్రమే నిలువవలెను. చేయి చాచినచో దానంతట జారిపోవలెను. ముడి వేసిన పిదప దానిని గట్టుననే పరీక్షింపవలెను. ఒకడు పిడికిట పట్టగా వేఱొకడు త్రాటిని బలముగా లాగుచుండవలెను. పట్టినవాడు వ్రేళ్ళు చాచిన క్షణముననే త్రాడు ఊడి రావలెను. ఆ పిల్లవానిచే మూడుమార్లు అట్లు చేయించితిని. నాలుగవమారు వాడే తన తమ్మునిచే చేయించెను.